ఇంట్లో, ఆఫీసులో కాగితాలు తగ్గించుకోవడం: స్కానింగ్‌కు ముందు ఏం చేయాలి, తర్వాత ఏం చేయాలి

పేరుకుపోయిన కాగితాలను వదిలించుకోవాలనుకునేవారు చాలామంది ముందుగా ఫోనులో ఒక స్కానర్ యాప్ వేసుకొని, చేతికందిన కాగితాన్నల్లా ఫొటో తీయడం మొదలుపెడతారు. నెల తిరిగేసరికి బీరువా ఎప్పటిలాగే నిండుగా ఉంటుంది, దానికి తోడు ఫోనులో పేరూ ఊరూ లేని ఫైళ్లు వందలకొద్దీ చేరతాయి. కాగితాలు తగ్గడం ఏరివేతతోనే సాధ్యం. స్కానింగ్ ఆ తర్వాతి పని.

ఏరివేతకు ఒక సెలవు రోజు చూసుకొని, బీరువా అరల్లో, ట్రంకు పెట్టెలో, మంచం కింది సూట్‌కేసులో ఉన్నవన్నీ చాప మీదకు తీసుకురావాలి. ప్రతి కాగితం విషయంలోనూ తేల్చుకోవలసింది ఒక్కటే: రేపు ఎవరైనా అడిగితే అసలు కాగితమే చూపించాలా, లేక అందులోని సమాచారం అందిస్తే సరిపోతుందా?

రిజిస్టరు దస్తావేజులు, వాటి లింకు డాక్యుమెంట్లు (అదే ఆస్తికి సంబంధించిన మునుపటి దస్తావేజులు), పట్టాదారు పాసుపుస్తకం, ప్రామిసరీ నోట్లు, బీమా బాండ్లు, మార్కుల మెమోలు, వీలునామా మొదటి కోవలోకి వస్తాయి. వీటిని స్కాన్ చేసేది భద్రత కోసమే తప్ప పారేయడం కోసం కాదు. వీలునామాల వంటి కొన్ని పత్రాలను 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం తన పరిధి నుంచి మినహాయించింది కూడా. కోర్టులో దావా పడితే అసలు దస్తావేజునే దాఖలు చేయమంటారు. ఆసుపత్రి రిపోర్టులు, ఆస్తి పన్ను రసీదులు, స్కూలు ఫీజుల రసీదులు రెండో కోవకు చెందినవి. వీటిలో సమాచారం ఉంటే చాలు. అయితే ఆసుపత్రి బిల్లుల మీద బీమా సొమ్ము రావలసి ఉంటే, క్లెయిము పూర్తయ్యేదాకా అసలు బిల్లులు కదపకూడదు.

ఇక మిగిలినవాటిని స్కాన్ చేయనక్కరలేదు. ఎప్పుడో కట్టేసిన కరెంటు బిల్లులు, ఇంట్లో లేని ఫ్రిజ్‌కు చెందిన వారంటీ కార్డు, జిరాక్సుకు తీసిన జిరాక్సు ఇందులోకి వస్తాయి. నిజానికి మన ఇళ్లలో పెద్ద గుట్ట జిరాక్సులదే. దరఖాస్తుకు రెండు సెట్లు అడిగితే ఎందుకైనా మంచిదని నాలుగు తీయించే అలవాటు మనది. మంచి స్కాన్ కాపీ ఒకటి ఉంటే ఆ ముందుజాగ్రత్త అవసరం ఉండదు.

స్కాన్ చేసే ముందు, పత్రాలను ఫోనులోనే దాచుకునే ప్రభుత్వ సేవ డిజీలాకర్‌ను ఒకసారి చూసుకోవడం మంచిది. 2015లో మొదలైన ఈ సేవలో ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, వాహనం ఆర్సీ, అనేక బోర్డుల మార్కుల మెమోలు ఆయా శాఖల నుంచి నేరుగా వస్తాయి. 2016లో కేంద్రం చేసి, 2017లో సవరించిన నియమాల ప్రకారం, అలా శాఖ జారీ చేసిన పత్రం అసలు పత్రంతో సమానం. ఇక్కడ చాలామంది పొరపడుతుంటారు: మనం స్కాన్ చేసి అందులో దాచుకున్న ఫైలుకు ఈ హోదా లేదు, అది కాపీయే. రెండూ ఒకే యాప్‌లో కనిపిస్తాయి కాబట్టి, ‘జారీ అయిన పత్రాలు’ అన్న విభాగంలో ఉన్నదేదో, మనం ఎక్కించినదేదో గమనించుకోవాలి.

పాత భూమి దస్తావేజులకు మాత్రం తీరిక కావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో ‘కార్డ్’ పథకం కింద రిజిస్ట్రేషన్లు కంప్యూటర్లకు మారాయి. అంతకుముందు దస్తావేజుల నకళ్లను సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పుస్తకాల్లోకి చేతితో ఎక్కించుకునేవారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) కూడా 1983 నుంచే దొరుకుతుంది. అందువల్ల తాతల నాటి కాగితం ఎంత పాతదైతే దాని స్కాన్ అంత శ్రద్ధగా తీయాలి. ఇవి సాధారణంగా నాలుగు మడతల్లో, మడత దగ్గర చిరిగే స్థితిలో ఉంటాయి. మడత విప్పి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, బరువైన పుస్తకాల కింద ఒకటి రెండు రోజులు ఉంచితే చదునవుతాయి. తొందరపడి ఇస్త్రీ పెట్టె వాడకూడదు, చిరిగినచోట సెల్లో టేపు అంటించకూడదు; ఆ జిగురు కొన్నేళ్లకు పసుపురంగు తేలి అక్షరాలను మింగేస్తుంది. వీటిని కాగితం లాక్కునే యంత్రంలో పెట్టడం ప్రమాదం. అద్దం మీద పరిచి తీసే ఫ్లాట్‌బెడ్ స్కానరే వాడాలి, లేదా ఫోను.

స్టాంపు కాగితం వెనుక వైపు తీయడం మరిచిపోయేవారు ఎక్కువ. స్టాంపు ఎవరి పేరున కొన్నదీ, ఎవరు అమ్మిందీ, దస్తావేజు ఏ రోజున దాఖలైందీ, రాసి ఇచ్చినవారి వేలిముద్రలు, సాక్షుల సంతకాలు తరచుగా ఆ వెనుక వైపే ఉంటాయి. పైగా ఇటువంటి కాగితాలను రంగుల్లోనే తీయాలి. చాలా యాప్‌లు కాగితాన్ని తెల్లగా మార్చే ఫిల్టరును వాటంతట అవే వేసేస్తాయి. అక్షరాలు ముదురుగా కనిపించి బాగుందనిపిస్తుంది గానీ, వెలిసిన ఊదారంగు వేలిముద్ర, పాలిపోయిన గుండ్రటి సీలు ఆ తెలుపులో కలిసిపోతాయి. హద్దులు, సర్వే నంబరు, విస్తీర్ణం రాసిన భాగాన్ని విడిగా దగ్గరనుంచి ఇంకొక ఫొటో తీసి ఉంచడం మంచిది.

మామూలు కాగితాలకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చాలు. ఆ లెక్కన ఏ4 కాగితం 2480 అడ్డం, 3508 నిలువు పిక్సెళ్లు అవుతుంది, అంటే దాదాపు 87 లక్షలు. 12 మెగాపిక్సెళ్ల ఫోను కెమెరా దీన్ని అందుకోగలదు, కాగితం ఫ్రేము నిండా ఉంటేనే సుమా. కాగితాన్ని నల్లటి దుప్పటి మీద పరిచి, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా కూర్చొని, ఫ్లాష్ ఆపేసి, ఫోనును సరిగ్గా పైనుంచి పట్టుకోవాలి. లామినేషన్ చేసిన మెమోలకు ఫ్లాష్ పనికిరాదు, మెరుపు తప్ప ఏమీ పడదు. దస్తావేజులు ఏ4 కంటే పొడవుగా ఉండే లీగల్ సైజు కాగితం మీద ఉంటాయి. ఇళ్లలో ఉండే స్కానర్ అద్దం వాటికి చాలదు, కింది సంతకాలు తెగిపోతాయి. అటువంటప్పుడు ఫోనే మేలు.

యాప్ విషయానికి వస్తే, ‘క్యామ్‌స్కానర్’ పేరు ఇప్పటికీ నోట్లో నానుతూనే ఉంది గానీ, 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో అదొకటి. గూగుల్ డ్రైవ్‌లో, ఐఫోన్ నోట్స్‌లో ఉన్న స్కాన్ సదుపాయమే ఇంటి అవసరాలకు సరిపోతుంది. ఇంటి దస్తావేజులు, ఆధార్ కార్డులు తెలియని యాప్‌ల చేతిలో పెట్టడం తగదు.

ఏటీఎం చీటీలు, సూపర్ మార్కెట్ బిల్లులు, కొన్ని ఈసీజీ పట్టీలు, సిరా లేకుండా వేడితోనే అక్షరాలు పడే థర్మల్ కాగితం మీద వస్తాయి. వేడికీ వెలుతురుకూ వాటి అక్షరాలు వెలిసిపోతాయి, ప్లాస్టిక్ కవరులో పెడితే ఇంకా త్వరగా పోతాయి. లామినేషన్ వేడికైతే కాగితం మొత్తం నల్లబడుతుంది. వీటిని వచ్చిన రోజే స్కాన్ చేయాలి.

తీసిన ఫైలుకు వెంటనే పేరు పెట్టకపోతే అప్పటిదాకా పడ్డ శ్రమ వృథా. ముందు సంవత్సరం, నెల, తేదీ. ఆ తర్వాత ఎవరిది. ఆ తర్వాత ఏమిటి. ఉదాహరణకు ‘2019-08-14_అమ్మ_కంటి-ఆపరేషన్_డిశ్చార్జి’. సంవత్సరం ముందుంటే ఫైళ్లు కాలక్రమంలో వాటంతట అవే వరుసలో నిలుస్తాయి. ఆ తేదీ స్కాన్ చేసిన రోజుది కాకుండా కాగితం మీద ఉన్నది కావాలి. ఇంట్లో మనిషికొకటి, ఇల్లూ పొలాలకొకటి, వాహనాలకొకటి చొప్పున ఫోల్డర్లు చాలు. ఫోల్డరులో ఫోల్డరు పెట్టుకుంటూ పోతే వెతుక్కోవడం మళ్లీ మొదటికి వస్తుంది. గూగుల్ డ్రైవ్‌లోని బొమ్మను డాక్స్‌తో తెరిస్తే అచ్చు తెలుగును చాలావరకు చదివి అక్షరాలుగా మారుస్తుంది గానీ, గుమస్తా చేతిరాతను నమ్మకంగా చదవలేదు. కాబట్టి పేరు పెట్టే పని మనమే చేసుకోవాలి. దరఖాస్తుల వెబ్‌సైట్లు 200 కేబీ లోపు ఫైలు అడిగినప్పుడు, దానికోసం చిన్న కాపీ విడిగా చేసుకోవాలే తప్ప పెద్ద ఫైలును కుదించి దాని స్థానంలో పెట్టకూడదు.

ప్రతి ఫైలూ రెండు చోట్ల ఉండాలి: ఒకటి క్లౌడ్‌లో, ఒకటి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మెయిలు, ఫొటోలు కూడా వాటా తీసుకుంటాయి. కుటుంబ వాట్సాప్ గ్రూపు కాగితాలు దాచే చోటు కాదు. మామూలు ఫొటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, తప్పనిసరై పంపినా డాక్యుమెంటుగా పంపాలి. ఈ ఫైళ్లు ఎక్కడున్నాయో, పాస్‌వర్డు ఏమిటో ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి.

పనికిరావని తేలినవాటిని అలాగే చిత్తు కాగితాల వారికి వేయకూడదు. ఖాతా నంబరు, సంతకం ఉన్న బ్యాంకు స్టేట్‌మెంటు మిరపకాయ బజ్జీల పొట్లమై తేలడం మన ఊళ్లలో వింత కాదు. వాటిని చింపి, తడిపి పారేయాలి. కొత్తగా ఎవరికైనా ఆధార్ ఇవ్వవలసి వస్తే, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చెల్లుతుందేమో ముందు అడగాలి.

దుకాణాలకు, ఆఫీసులకు పద్ధతి ఇదే అయినా గడువులు వేరు. జీఎస్టీ కింద నమోదైనవారు ఖాతా పుస్తకాలు, రికార్డులను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. అప్పీలు నడుస్తుంటే అది తేలాక మరో ఏడాది, లేదా ఆ 72 నెలలు, రెండింటిలో ఏది తర్వాత వస్తే అప్పటిదాకా. కంపెనీలకు 2013 నాటి చట్టం ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు విధించింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టేటప్పుడు 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కోరుతుంది. కాబట్టి ఏ ఫైలును ఎవరు, ఏ యంత్రంతో, ఎప్పుడు స్కాన్ చేశారో ఒక రిజిస్టరులో రాసి ఉంచితే ఆనాడు ఇబ్బంది ఉండదు. కాగితం మీద వచ్చిన కొనుగోలు బిల్లుల అసలు ప్రతులను ఆడిటర్‌ను అడగకుండా తీసేయవద్దు.

ఆఫీసులో ఈ పనిని నెలాఖరుకు వాయిదా వేస్తే సాగదు. బల్ల మీద ఒకే ట్రే పెట్టి, ఆ రోజు వచ్చిన బిల్లులు, ఉత్తరాలు అందులోనే పడేలా చూసి, సాయంత్రం మూసేముందు ఒకరే వాటి పిన్నులు తీసి, స్కాన్ చేసి, పేర్లు పెట్టి, అసలు ప్రతులను నెలవారీ కవరులో వేయాలి. కవరు మీద నెల, సంవత్సరంతో పాటు దాన్ని ఏ సంవత్సరం దాకా ఉంచాలో కూడా ఎర్ర సిరాతో రాసేస్తే, గడువు తీరిన కవరు ఏదో తెలుసుకోవడానికి తర్వాత ఎవరూ దాన్ని విప్పి చూడనక్కరలేదు.