మాట్లాడడం, రాయడం నేర్పే తెలుగు తరగతిని పరిశీలించడం ఎలా?

బి.ఎడ్., డి.ఇ.ఎల్.ఎడ్. వంటి ఉపాధ్యాయ శిక్షణ కోర్సులు చదివేవారు తరగతులు చూసి రాసిన పరిశీలన రికార్డులు తిరగేస్తే చాలా పేజీలలో రెండు వాక్యాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి: ‘ఉపాధ్యాయులు పాఠాన్ని చక్కగా బోధించారు. విద్యార్థులు శ్రద్ధగా విన్నారు.’ ఈ రెండు వాక్యాలు రాయడానికి తరగతిలో కూర్చోవలసిన పని లేదు. శిక్షణలో ఉన్న ఛాత్రోపాధ్యాయులకైనా, తోటి ఉపాధ్యాయులకైనా, పాఠశాల యాజమాన్య కమిటీలో ఉన్న తల్లిదండ్రులకైనా పనికివచ్చే పరిశీలన ఎలా చేయాలో, ప్రాథమిక, ప్రాథమికోన్నత తరగతుల తెలుగు పీరియడును దృష్టిలో ఉంచుకొని ఇక్కడ వివరిస్తున్నాను.

ఒకే ఒక్క ప్రశ్నతో లోపలికి వెళ్లండి

పిల్లలు నోటితో చెప్పగలిగినది వారి నోటుబుక్కులోకి చేరుతోందా? ఈ ఒక్క ప్రశ్న చాలు. బడి తెలుగు విషయంలో ఇది కొత్త ప్రశ్న కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దంలో ఉత్తర కోస్తా పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన జె. ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు, జనం మాట్లాడే తెలుగుకూ బడిలో నేర్పే తెలుగుకూ ఇంత దూరం ఎందుకని అడిగారు. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం కదలడానికి ఆ ప్రశ్న కూడా ఒక కారణమైంది. గ్రాంథికం వాచకాల నుంచి తప్పుకొని చాలా కాలమైనా, మాటకూ రాతకూ మధ్య ఎడం మాత్రం తరగతి గదిలో ఇంకా మిగిలే ఉంది. మీరు వెతకవలసినది ఆ ఎడాన్నే.

ముందురోజు చేయవలసినవి

ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకొని, పాఠం చెప్పే ఉపాధ్యాయురాలితో లేదా ఉపాధ్యాయునితో స్వయంగా మాట్లాడండి. మీరు తనిఖీకి రావడం లేదని, మార్కులు వేయబోవడం లేదని స్పష్టంగా చెప్పండి. ఏ పాఠం, ఏ అభ్యాసం జరగబోతోందో అడిగి, ఆ పుటలను ఇంటి దగ్గర చదువుకోండి. మాట్లాడించే అభ్యాసమూ స్వీయరచనా ఒకే రోజున జరిగితే ఆ రోజును ఎంచుకోండి. అవి వేర్వేరు రోజులలో ఉంటే రెండు రోజులూ వెళ్లడం మంచిది, ఎందుకంటే సగం చూసి చెప్పే మాట సగం తప్పవుతుంది.

ఎక్కడ కూర్చోవాలి, ఎలా రాసుకోవాలి

గంట కొట్టక ముందే చేరుకోండి. వెనక బెంచీలో కూర్చుంటే మీకు పిల్లల వీపులు, ఉపాధ్యాయుల ముఖం మాత్రమే కనిపిస్తాయి. ముందు భాగంలో ఒక పక్కగా, పిల్లల ముఖాలు కనిపించేచోట, వీలైతే వారి ఎత్తులోనే కూర్చోండి. ఫోను సైలెంటులో పెట్టండి. పిల్లల ఫోటోలు, వీడియోలు తీయవద్దు.

కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు జరిగినది మాత్రమే, సమయంతో సహా రాయాలి. కుడివైపు మీకు తోచినది రాయాలి. ‘10.20: మూడో వరుస చివరి పాప చెయ్యెత్తింది, దించింది, మళ్లీ ఎత్తలేదు’ అన్నది ఎడమవైపు మాట. ‘పాప భయపడింది’ అన్నది కుడివైపు మాట. ఈ రెండూ కలిసిపోతే పరిశీలన కాస్తా అభిప్రాయంగా మిగిలిపోతుంది. పిల్లల పేర్లకు బదులు బెంచీల పటం గీసుకొని సంఖ్యలు వేసుకోండి.

మాట్లాడే సమయంలో

మొదట లెక్కపెట్టండి. ఎవరు నోరు విప్పితే పటంలో వారి చోట ఒక గీత గీయండి. తరగతిలో ఎవరు ఎలా మాట్లాడుతున్నారో వర్గాలుగా నమోదుచేసే నెడ్ ఫ్లాండర్స్ పద్ధతి చదివినవారికి ప్రతి 3 సెకన్లకూ ఒక వర్గం అంకె వేయడం, పది వర్గాలలో ఏడు ఉపాధ్యాయుని మాటకే కేటాయించడం గుర్తుండే ఉంటుంది. తొలిసారి వెళ్లేవారికి అంత అవసరం లేదు, ఈ గీతలే చాలు. పీరియడు ముగిసేసరికి గీతలన్నీ ముందు రెండు బెంచీల దగ్గరే గుమిగూడి ఉంటే ఆ పటమే మీకు విషయం చెబుతుంది. ఆడపిల్లల వైపు, వెనక వరుసల వైపు ఎన్ని గీతలు పడ్డాయో ప్రత్యేకంగా చూడండి. తరగతి మొత్తం ఒక్కసారిగా ‘అవును టీచర్’ అనడాన్ని మాట్లాడడంగా లెక్కించకండి.

తర్వాత, ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారో మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కించండి. 1970లలో అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు విజ్ఞానశాస్త్ర తరగతులను పరిశీలించి, ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, 3 సెకన్లో అంతకన్నా ఎక్కువో ఆగినచోట పిల్లల జవాబులు పొడవు పెరుగుతున్నాయని చూపారు. తెలుగు తరగతిలో ఆ ఆగడానికి మరింత విలువ ఉంది. ఇంట్లో లంబాడీ, కోయ లేదా ఉర్దూ మాట్లాడే పిల్లలకు ఆలోచనను తెలుగులోకి తెచ్చుకోవడానికి ఆ రెండు మూడు సెకన్లే ఆధారం.

అన్నిటికన్నా ముఖ్యంగా, పిల్లలు తమ ఇంటి యాసలో మాట్లాడినప్పుడు ఏం జరుగుతుందో విన్నది విన్నట్టుగా రాసుకోండి. ‘పొద్దుగాల’ అన్న పిల్లవాణ్ణి వెంటనే ‘ఉదయం అనాలి’ అని సరిదిద్దితే అతడు తర్వాతి వాక్యం చెప్పాడా, ఆగిపోయాడా? ఉపాధ్యాయులు ఆ మాటను అలాగే స్వీకరించి, రాసే వేళకు రెండు రూపాలనూ బోర్డు మీద పక్కపక్కన పెట్టారా? నా దృష్టిలో ఒక తెలుగు తరగతి నాణ్యత ఎక్కువగా ఈ క్షణం దగ్గరే తేలుతుంది.

రాసే సమయంలో

ఒక నాలుగో తరగతిలో నేను చూసినది చెబుతాను. ఆ రోజు అంశం సంత. ఒక పిల్లవాడు లేచి, తాతతో సంతకు పోయిన సంగతి చెప్పాడు. అమ్మిన ఎద్దు కొన్నవాళ్ల బండి ఎక్కనని మొండికేసిందని, ఎంత లాగినా కదలలేదని, చివరికి తాతే వెళ్లి వీపు నిమిరితే ఎక్కిందని, తాత ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదని చెప్పాడు. తరగతి అంతా ఊపిరి బిగబట్టి విన్నది. పది నిమిషాల తర్వాత అతని నోటుబుక్కులో ఇలా ఉంది: ‘సంత వారమునకు ఒకసారి జరుగును. సంతలో కూరగాయలు అమ్ముదురు. సంత వలన ప్రజలకు ఉపయోగము కలదు.’ ఎద్దు లేదు, తాత లేడు. పక్క పిల్లల నోటుబుక్కుల్లోనూ ఇంచుమించు ఇవే వాక్యాలు. ఆ పిల్లవాడికి రాయడం రాదని చెప్పలేము, ఎందుకంటే అక్షరదోషం ఒక్కటీ లేదు. తన మాటకు నోటుబుక్కులో చోటు ఉందన్న సంగతి మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు.

అందుకే రాత మొదలైన తర్వాత అనుమతితో, చప్పుడు చేయకుండా గదిలో ఒకసారి తిరగండి. పెన్సిల్ కదలడానికి ఎంతసేపు పట్టిందో, ఎవరు బోర్డు చూసి దించుకుంటున్నారో, ఎవరు రాసి చెరిపి మళ్లీ రాస్తున్నారో గమనించండి. పిల్లలు అడిగే ప్రశ్నలను తప్పకుండా రాసుకోండి. ‘ఎన్ని లైన్లు రాయాలి టీచర్?’, ‘మార్జిన్ కొట్టాలా?’ అన్న ప్రశ్నలే వినిపిస్తుంటే, రాత అంటే పుట నింపడమేనని వారికి అర్థమైందన్నమాట. ‘మా నాయనమ్మ అన్న మాట అట్లాగే రాయొచ్చా?’ అని ఒక్కరు అడిగినా దానిని ఎడమవైపు గడిలో పెద్దగా రాసుకోండి.

దిద్దే తీరు చూడడానికి పాత పుటలు నాలుగైదు తిప్పితే చాలు. ఒత్తులు, దీర్ఘాలు, శ, ష, స తేడాల చుట్టూ మాత్రమే ఎర్ర సున్నాలు ఉన్నాయా, లేక రాసిన విషయం గురించి ఒక్క వాక్యమైనా ఉన్నదా? వర్ణక్రమం సరిదిద్దవలసిందే. అయితే ‘తాత ఎందుకు మాట్లాడలేదు?’ అని ఎర్ర సిరాతో అడిగిన ఒక చిన్న ప్రశ్న ఆ పిల్లవాడి చేత మరో పుట రాయిస్తుంది.

పీరియడు ముగిశాక

అదే రోజు, వీలైతే గంటలోపే, ఉపాధ్యాయులతో విడిగా పది నిమిషాలు మాట్లాడండి. స్టాఫ్ రూములో నలుగురి ముందు వద్దు. ముందుగా ‘ఈ రోజు పాఠంలో మీకు ఏది సంతృప్తినిచ్చింది?’ అని అడిగి, వారు చెప్పేది పూర్తిగా వినండి. ఆ తర్వాత ఎడమవైపు రాసినవి మాత్రమే చూపండి, బెంచీల పటం వారి చేతికివ్వండి. నలభై మంది ఉన్న గదిలో, రెండు తరగతులను కలిపి చెబుతూ, సిలబస్ తేదీలను అందుకుంటున్నవారికి తప్పుల జాబితా ఇవ్వడం అన్యాయం. ఒక్క సూచన చేయండి, అది మర్నాడే చేయగలిగినదై ఉండాలి. ఉదాహరణకు, రాయడానికి ముందు పిల్లలను ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, మూడు నిమిషాలు తమ సంగతి ఒకరికొకరు చెప్పుకోనిచ్చి, ‘ఇప్పుడు చెప్పినదే రాయండి’ అనమనవచ్చు.

మీ కాగితాల నకలు ఒకటి వారికే ఇచ్చి, రెండు వారాల తర్వాత మళ్లీ రావచ్చా అని అడగండి. రెండోసారి వెళ్లినప్పుడు అదే చోట కూర్చొని, మొదటి పటంలో ఒక్క గీతా పడని పిల్లల్లో ముగ్గురిని ఎంచుకోండి. ఆ రోజు వారి మాటను, ఆ రోజు వారి నోటుబుక్కును మాత్రమే పక్కపక్కన పెట్టి చూడండి.