పిల్లల క్లినిక్‌లో తల్లిదండ్రుల సలహా గ్రూపు పెట్టారా, నడవట్లేదా? ఎక్కడ ఆగిందో చూడండి

విజయనగరం, శ్రీకాకుళం వైపు పిల్లల క్లినిక్‌లు నడిపే డాక్టర్లకి, అక్కడ పనిచేసే నర్సులకి, కౌన్సిలర్లకి ఇది. ఫిట్స్, ఆస్తమా, తలసేమియా, సికిల్ సెల్ లాంటి రక్తం జబ్బులు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, ఇలా నెలనెలా రావాల్సినవాళ్లు ఉన్న చోట క్లినిక్ ఎలా నడవాలో వాళ్ల ఇంట్లోవాళ్లే కూర్చుని చెప్పే గ్రూపు తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ఏ మందు ఇవ్వాలో డాక్టరుకి తెలుసు గానీ ఆ మందు అర్ధరాత్రి బిడ్డ గొంతు దిగడానికి ఎంత తంటా పడాలో అమ్మకే తెలుసు.

సమస్య: పదిమందిని పిలిస్తే ఇద్దరొచ్చారు

కారణం: మీకు వీలైన టైం పెట్టారు. కూలికెళ్లే అమ్మకి ఆ పూట కూలి పోతుంది, ఉభాలు, అంటే వరి నాట్లు, నడిచే రోజుల్లో అయితే అసలు అడగనే అక్కర్లేదు.

పరిష్కారం: విడిగా రమ్మనొద్దు, చెకప్‌కి ఎలాగూ వచ్చే రోజే ఓపీకి ముందో తర్వాతో ముప్పావుగంట కూర్చోబెట్టండి, సాలూరు, సీతంపేట వైపు వెళ్లేవాళ్లని బస్సు టైంకి వదిలేయండి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి ప్రయాణం ఉచితం కాబట్టి అమ్మలకి కొంత నయం, కానీ ఆటో డబ్బులు, నాన్న టికెట్, పోయిన కూలి అలాగే ఉన్నాయి. అవి క్లినిక్కే ఇవ్వాలి, రాగానే కవర్లో పెట్టి ఇచ్చేయాలి, వాళ్లచేత అడిగించుకోకూడదు. పిల్లల్ని ఆడించడానికి ఒక ఆయమ్మని పెట్టండి. దసరా తర్వాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం కాబట్టి విజయనగరంలో ఆ వారం మీటింగ్ వద్దు.

సమస్య: అందరూ వచ్చారు, ఎవరూ నోరు విప్పట్లేదు

"అంతా బాగానే ఉంది బాబూ, మీరే మాకు దేవుడు" అంటారు. ఆ మాట దగ్గర ఆగిపోతే గ్రూపు అక్కడితో అయిపోయినట్టే.

కారణాలు రెండు. ఒకటి, డాక్టరు గారు ఎదురుగా టేబుల్ వెనక కూర్చున్నారు, వచ్చే నెల బిడ్డని మళ్లీ ఆయన దగ్గరికే తేవాలి, ఏదైనా అంటే "మా గుంటడ్ని ఇంక సరిగ్గా సూడరేటో" అనే భయం లోపల ఉంటుంది, ఇది పైకి ఎవరూ చెప్పరు. రెండోది మీరడిగిన ప్రశ్న. "మా సేవలు ఎలా ఉన్నాయి" అంటే ఎవరైనా బాగున్నాయనే అంటారు.

పరిష్కారం: మొదటి అరగంట డాక్టరు లోపలికి రాకూడదు. టేబుల్ తీసేసి అందరూ గుండ్రంగా కూర్చోండి, మాట్లాడించే పని ఒక అమ్మకి ఇవ్వండి. చీటీ రాయించుకున్న దగ్గర్నుంచి మందులు చేతికొచ్చేదాకా ఎక్కడ ఎక్కువసేపు నిలబడ్డారు, ఇంటికెళ్లాక డాక్టరు చెప్పిన ఏ మాట గుర్తురాలేదు, ఏ మందు పట్టించడం కష్టమైంది, ఇలా అడగాలి. ఈ మూడోది చాలా ముఖ్యం. జ్వరం మందే తీసుకోండి, పారాసిటమాల్ డ్రాప్స్‌లో ఒక ఎంఎల్‌కే 100 మిల్లీగ్రాములు ఉంటుంది, సిరప్‌లో 5 ఎంఎల్‌కి 125 ఉండేది ఒకటి, 250 ఉండేది ఇంకోటి, సిరప్‌కి చెప్పిన కొలత డ్రాప్స్ సీసాలోంచి తీసి పట్టేస్తే డోసు ఎన్ని రెట్లు పెరుగుతుందో మీరే లెక్కేసుకోండి, పైగా ఇంట్లో చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు. చీటీ మీద 5 ఎంఎల్ అని రాసిన మనకి ఇదంతా కనిపించదు, నానమ్మ ఏ సీసాతో ఏ చెంచాతో పట్టిందో అమ్మలు నోరు తెరిస్తేనే బయటికొస్తుంది. బయటికొచ్చాక చేయాల్సింది చిన్న పనే, సిరంజి మీద పెన్నుతో గీత పెట్టి ఇవ్వడం, ఏ సీసానో చీటీ మీద తెలుగులో రాయడం.

సమస్య: ఎవరికి వాళ్లు సొంత బిడ్డ గోడే చెప్తున్నారు

ఇన్నాళ్లూ అడిగినవాళ్లు లేరు కాబట్టి చెప్తారు, మొదటి ఒకట్రెండు మీటింగులు చెప్పనివ్వండి. తర్వాత నుంచి సొంత కేసులు రాసుకోడానికి ఒక నర్సుని పక్కన కూర్చోబెట్టి, మీటింగ్‌లో మాత్రం "ఇది ఇంకెవరికైనా జరిగిందా" అని అడగండి, నలుగురు చేతులెత్తితే అది క్లినిక్ సరిచేసుకోవాల్సిన విషయం.

సమస్య: రెండుసార్లు వచ్చి మానేశారు

నాకు తెలిసి గ్రూపులు ఎక్కువగా చచ్చేది ఇక్కడే. వాళ్లకి ఓపిక లేక కాదు, చెప్పిన మాట ఏమైందో ఎవరూ తిరిగి చెప్పలేదు. టీ, బిస్కెట్ ఇచ్చి, ఫొటో తీసి పంపేశారు, పోయిన నెల చెప్పిన కుళాయి ఈ నెల కూడా కారుతూనే ఉంది, ఇంక ఎందుకొస్తారు?

పరిష్కారం: వెయిటింగ్ హాల్లో అందరికీ కనిపించేలా ఒక బోర్డు పెట్టండి. మీరు చెప్పింది, మేం చేసింది, చేయలేకపోయింది, ఎందుకు చేయలేకపోయామో కూడా. ఆ చివరిది రాయడానికే మొహమాటపడతాం గానీ "ఫిజియోథెరపీకి రోజూ మనిషిని పెట్టే డబ్బు లేదు, వారానికి రెండ్రోజులు వస్తారు" అని రాస్తే జనం అర్థం చేసుకుంటారు, ఊరుకుంటేనే కోపం. మొదట వారంలో అయిపోయే పని తీసుకోండి, టోకెన్ నంబర్లు, పాలిచ్చే చోట కర్టెన్, మంచినీళ్లు. పెద్ద పని తర్వాత. ఉదాహరణకి రిపోర్టులు కొన్ని విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో, కొన్ని ఇక్కడ, కొన్ని బీరువాలో ఉండి ప్రతి కొత్త డాక్టరుకి పుట్టినప్పటి నుంచి కథంతా చెప్పాల్సి రావడం. అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 1967లో మెడికల్ హోం అనే మాట మొదటిసారి వాడింది ఇందుకే, ఇలాంటి పిల్లల రికార్డులన్నీ ఒక్క చోట ఉండాలని. ఆ ఫైల్లో ముందు పేజీలో ఏం ఉండాలో తల్లిదండ్రులచేతే రాయించండి.

సమస్య: ఎప్పుడూ ఆ టౌన్ వాళ్లు నలుగురే

వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి వదిలేస్తే అంతే వస్తారు. ఆశా కార్యకర్తతో, అంగన్‌వాడీ టీచరుతో చెప్పించండి, వాయిస్ మెసేజ్ పంపండి, నానమ్మ వస్తానంటే నానమ్మనే రానివ్వండి. సికిల్ సెల్ పిల్లలు ఎక్కువగా గిరిజన ఊళ్లలోనే ఉంటారు, 2023లో మొదలైన కేంద్ర సికిల్ సెల్ మిషన్ పరీక్షలు జరుగుతున్నదీ అక్కడే, మరి సవర, జాతాపు ఇళ్ల నుంచి ఒక్కరూ లేకుండా వాళ్ల కష్టం ఎవరు చెప్తారు? సవర మాట్లాడే మనిషిని పక్కన పెట్టండి, ఇచ్ఛాపురం వైపు అయితే ఒడియా వచ్చినవాళ్లని. సదరం సర్టిఫికెట్‌కి, అంటే వైకల్యం ఉందని సర్కారు ఇచ్చే కాగితానికి, స్లాట్ ఎలా దొరికిందో, ఏ కాగితాలు పట్టుకెళ్లాలో మీ రిసెప్షన్ కంటే ఆ తల్లిదండ్రులకే బాగా తెలిసి ఉండొచ్చు.

సమస్య: వాట్సాప్ గ్రూపులో ఎవరి రిపోర్టో పెట్టేశారు

వెంటనే తీయించండి, అడ్మిన్ మాత్రమే పోస్ట్ చేసేలా మార్చండి. బిడ్డ ఫొటో, పేరు, జబ్బు ఏదీ గ్రూపులో రాకూడదని మొదటి రోజే చెప్పాలి. పెళ్లి సంబంధాల దాకా వెళ్తాయి ఇవి మన దగ్గర.

సమస్య: నర్సులు మొహం మాడ్చుకున్నారు

వాళ్ల మీద కంప్లైంట్లకే ఇది పెట్టారనుకుంటారు. గ్రూపులో మొదటి నుంచీ ఒక నర్సు, ఒక కాంపౌండర్ ఉండాలి, మీటింగ్‌లో ఏ స్టాఫ్ పేరూ ఎత్తకూడదు. మంచి మాట వస్తే మాత్రం పేరుతో బోర్డెక్కించండి.

సమస్య: డాక్టరు గారు వెళ్లిపోయారు, గ్రూపు ఆగిపోయింది

అంతా ఒక్క మనిషి మీద ఆధారపడింది కాబట్టి. ఏడాదికోసారి మారేలా ఇద్దరు తల్లిదండ్రుల్ని కన్వీనర్లుగా పెట్టుకోండి, ప్రతి మీటింగ్‌లో అనుకున్నది ఒక పుస్తకంలో రాయండి. ఆ పుస్తకంలో పిల్లల వివరాలు ఉండకూడదు, పనులే ఉండాలి. పుస్తకం కన్వీనర్ల దగ్గరే ఉంచండి, కొత్త డాక్టరు చేరిన వారంలోనే ఆ ఇద్దరూ పట్టుకెళ్లి మిగిలిపోయిన పనులు చూపించి తర్వాతి మీటింగ్ తేదీ తీసుకోవాలి.