113వ ప్లాటు పుట్టకముందే: కాలనీ పార్కు జాగాని కాపాడుకునే పద్ధతి

మా లేఅవుట్లో ప్లాట్లు 112. ఒకరోజు 113 పుట్టింది. పుట్టింది ఎక్కడో కాదు, పిల్లలు గోలీలాడుకునే పార్కు జాగాలో. ముప్ఫై ఏళ్ళు సర్వే శాఖలో ఊరి పొలాలన్నీ కొలిచి రిటైరైనవాణ్ణి, నా గేటు ఎదుటి జాగా ఎన్ని గజాలో నాకు తెలియదు. సిగ్గేసింది. ఆ తర్వాత రెండేళ్ళు తిరిగి నేర్చుకున్నది ఇది. మాది హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు. మీ ఊళ్ళో ఆఫీసుల పేర్లు మారొచ్చు, పని మాత్రం ఇదే.

కబ్జా చేసేవాడు మొదటి రోజే గోడ కట్టడు. ముందు ఒక ట్రాక్టరు ఇసుక దింపుతాడు. ‘ఇల్లు కడుతున్నాం అంకుల్, వారంలో తీసేస్తాం’ అంటాడు. వారం తిరిగేసరికి పక్కన కంకర, దాని పక్కన వాచ్‌మన్‌కి రేకుల షెడ్డు, షెడ్డుకి కరెంటు మీటరు. మీటరు వచ్చిందంటే వాడి చేతికి ఒక కాగితం వచ్చినట్టే. కాబట్టి ఇసుక దిగిన రోజే మాట్లాడండి, ఫోటో తీసి పెట్టుకోండి. మేం మొహమాటపడ్డాం.

అంతకంటే ముందు కాగితాలు. ‘అది మున్సిపాలిటీ జాగానే లెండి’ అని ఎవరన్నా ఊరుకోవద్దు. లేఅవుట్ వేసినాయన పార్కుకి వదిలిన జాగాని గిఫ్ట్ డీడ్ రాసి రిజిస్టరు చేయించి మున్సిపాలిటీకి ఇవ్వాలి. పాత లేఅవుట్లలో చాలాచోట్ల ప్లాను మీద పచ్చరంగు వేశారు గానీ డీడ్ రాయలేదు. మా జాగాదీ అదే కథ. భూమి అసలు యజమాని పేరు మీదే ఉండిపోయింది, మనవళ్ళు వచ్చి ‘తాతది కదా’ అని అమ్మేశారు.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మున్సిపల్ ఆఫీసుకైతే 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే మరో 30 రోజుల్లోపు అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు. ‘ఎందుకు పట్టించుకోలేదు’ అని మాత్రం రాయకండి. ఆ చట్టం కాగితాలు ఇప్పిస్తుంది, సంజాయిషీ ఇప్పించదు. ఇలా అడగండి: ఫలానా నంబరు లేఅవుట్ మంజూరు ప్లాను ధ్రువీకరించిన నకలు, పార్కు జాగా గిఫ్ట్ డీడ్ నంబరు, తేదీ, మున్సిపాలిటీ ఆస్తుల రిజిస్టరులో ఆ జాగా ఉన్న పేజీ నకలు, ఆ జాగాలో ఎవరికైనా ఇంటి అనుమతి ఇచ్చి ఉంటే దాని నకలు. నాలుగు ప్రశ్నలు చాలు.

పంచాయతీ రోజుల నాటి లేఅవుట్ అయితే ప్లానే దొరకకపోవచ్చు. అప్పుడు పార్కు చుట్టూ ఉన్న ఇళ్ళవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. వాళ్ళ సేల్ డీడ్లలో హద్దులు రాసి ఉంటాయి: ‘తూర్పు: పార్కు కొరకు వదిలిన స్థలం’ అని. మాకు అలాంటివి ఆరు దొరికాయి. ఒకటి స్వయానా ఆ 113 అమ్మిన కుటుంబం సంతకం పెట్టిందే.

ఇక కొలత. ఇది నా ఇలాకా కాబట్టి కాస్త సాగదీస్తాను.

వంద అడుగుల టేపు, ఇద్దరు మనుషులు, ఒక నోటుబుక్కు. చాలామంది నాలుగు వైపులూ కొలిచి చేతులు దులుపుకుంటారు. అది కొలత కాదు. నాలుగు వైపులూ అలాగే ఉండి జాగా ఒక పక్కకి వాలిపోతే విస్తీర్ణం తగ్గిపోతుంది, మంచం కోళ్ళు వదులైనట్టు. అందుకే మూల నుంచి మూలకి కూడా కొలవాలి. జాగా రెండు త్రిభుజాలవుతుంది, మూడేసి భుజాలు తెలిస్తే లెక్క ఫోనే కడుతుంది. చదరపు అడుగుల్ని తొమ్మిదితో భాగిస్తే గజాలు. మా పార్కు ప్లానులో 99 అడుగులు, 55 అడుగులు. 605 గజాలు, సరిగ్గా అయిదు గుంటలు. మూల నుంచి మూలకి 113 అడుగుల 3 అంగుళాలు రావాలి. (113 మమ్మల్ని వదల్లేదు చూడండి.) టేపు వేస్తే 55 కాస్తా 52 అయింది. మూడడుగులే కదా అనిపిస్తుంది. 99 అడుగుల పొడవునా మూడడుగులంటే 33 గజాలు. ఆ గోడ ఎవరిదంటే మా సంక్షేమ సంఘం సభ్యుడిదే! కాగితం, టేపు రెండూ చూపించాక పాపం ఆయనే వెనక్కి జరుపుకున్నాడు.

కొలతకి గురుతులు కదలనివి పెట్టుకోండి. కరెంటు స్తంభం పనికిరాదు, అది మారుతుంది. కల్వర్టు, పాత ఇంటి మూల నయం. తగాదా కోర్టుదాకా వెళ్ళేలా ఉంటే మండల సర్వేయర్ చేత అధికారికంగా హద్దులు వేయించుకోవాలి. మనం వేసిన టేపు మన ధైర్యానికే.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆ సర్వే నంబరుకి ఈసీ, అంటే దాని మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, తీయండి, ప్లానులో లేని ప్లాటు నంబరు కనిపిస్తే అక్కడే దొరుకుతుంది దొంగ. తర్వాత ఆ జాగాని రిజిస్ట్రేషన్ చేయకూడని నిషేధిత ఆస్తుల జాబితాలో, అంటే 22-ఎలో, పెట్టించమని మున్సిపల్ కమిషనర్‌కి రాయండి. ఒక నకలు సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి రసీదు నంబరు అడిగి తీసుకోండి. మాకు ఇది ఏడు నెలలు పట్టింది. 113 మళ్ళీ చేతులు మారలేదు.

‘ఇవన్నీ నిలబడతాయా సార్’ అని అడుగుతారు. బెంగళూరులో పార్కుకని ఉంచిన జాగాని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయిస్తే చుట్టుపక్కలవాళ్ళు కోర్టుకెక్కారు, 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. ఆసుపత్రి మంచిదే, పార్కు జాగాలో కాదు. గుడి పేరు చెప్పి వచ్చేవాళ్ళతో ఇంకా కష్టం, మనకీ భక్తి ఉంటుంది కదా. బహిరంగ స్థలాల్లో, పార్కుల్లో అనుమతి లేకుండా ఏ మతం కట్టడమూ కొత్తగా కట్టొద్దని 2009లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఉత్తర్వు కాపీ జేబులో పెట్టుకుని, నమస్కారం పెట్టి మాట్లాడండి.

కాగితాలు ఎన్నున్నా జాగా ఖాళీగా పడుంటే మళ్ళీ ఇసుక దిగుతుంది. పొద్దున నడిచేవాళ్ళు, సాయంత్రం పిల్లలు ఉండాలి. మృగశిర కార్తె వానలు పడ్డాక మొక్కలు పెట్టండి, రెండడుగుల గుంతలు ముందే తీసి ఉంచండి. వేప, కానుగ, నేరేడు, రేల. కోనోకార్పస్ జోలికి వెళ్ళకండి, నిటారుగా పెరుగుతుందని ఆశపడతారు గానీ దాని వేళ్ళు పైపుల్ని వెతుక్కుంటూ పోతాయి. టైల్స్ పరిచి అందం చేస్తామని వచ్చే కాంట్రాక్టరుని కూడా కాస్త ఆపండి, నీళ్ళు ఇంకే చోటు ఉండాలి. ఒక మూల మాత్రం ఏమీ చేయకుండా వదిలేయండి. మా మూలలో తంగేడు, గునుగు వాటంతటవే మొలిచాయి. బతుకమ్మకి ఆడపిల్లలు పూలు అక్కడే కోసుకుంటున్నారు, లేకపోతే ఉప్పల్ మార్కెట్లో కొనాల్సిందే.

ఏడాదికోసారి మళ్ళీ కొలవండి. మేం దసరా మధ్యాహ్నం పెట్టుకున్నాం, ఎలాగూ అందరూ ఇళ్ళల్లో ఉంటారు. టేపు సున్నా కొస పట్టుకునేది మూడో గల్లీ పిల్లాడు, వాడు అంగుళం గుంజుతాడు కాబట్టి రెండుసార్లు వేయాలి. మొన్న దసరాకి రిజిస్టరులో రాసింది: 99, 55, మూలకి 113 అడుగుల 3 అంగుళాలు. పాలపిట్ట మాత్రం కనపడలేదు.