కన్వెన్షన్‌లో పాత బేస్‌బాల్ కార్డు కొనడం ఎలా?

అమెరికాలో పాత స్పోర్ట్స్ కార్డులు, అంటే ఆటగాళ్ల బొమ్మలతో అచ్చయిన చిన్న అట్ట కార్డులు, కొనాలంటే ఏటా వేసవిలో జరిగే నేషనల్ స్పోర్ట్స్ కలెక్టర్స్ కన్వెన్షన్‌ను మించిన చోటు లేదు. 1980లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. ఈమధ్య ఎక్కువగా చికాగో పక్కనున్న రోజ్‌మాంట్‌లోనో, క్లీవ్‌లాండ్‌లోనో జరుగుతోంది. బుధవారం నుంచి ఆదివారం దాకా వందల టేబుళ్లు. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లు కూడా పిల్లలను వెంటబెట్టుకుని వెళ్తున్నారు. మొదటిసారి వెళ్లేవాళ్లలో చాలామంది ఒకే తప్పు చేస్తారు. కార్డు నాలుగు మూలలూ పదునుగా కనిపించగానే డబ్బు తీసేస్తారు. డెబ్భై ఏళ్ల కిందట చిన్నపిల్లలు జేబుల్లో పెట్టుకు తిరిగిన కార్డు మూలలు కత్తిలా ఉన్నాయంటే సంతోషం తర్వాత, ముందు అనుమానం రావాలి. చూడాల్సింది అంచులు.

ఇక్కడ చెప్పేదంతా ముఖ్యంగా 1950ల నుంచి 1970ల దాకా టాప్స్ కంపెనీ, 1955 దాకా బౌమన్ కంపెనీ వేసిన కార్డుల గురించి.

వెంట ఉండాల్సినవి

పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం, మిల్లీమీటర్లు స్పష్టంగా ఉన్న స్టీలు స్కేలు, చిన్న ఎల్‌ఈడీ టార్చి, చిన్న బ్లాక్‌లైట్ (అతినీలలోహిత) టార్చి, అరచేయంత నల్ల గుడ్డ. పలచటి ప్లాస్టిక్ స్లీవులు ఓ యాభై, కార్డ్ సేవర్లు (కాస్త గట్టి ప్లాస్టిక్ తొడుగులు) ఓ ఇరవై. నగదు ఇరవైలు, వందల నోట్లుగా ఉండాలి. ఫోను నిండా చార్జింగ్ ఉండాలి. ఇంతే.

ఏం కొనాలో ఇంటి దగ్గరే తేల్చుకోండి

ఒక సంవత్సరం, ఒక సెట్ (ఒక కంపెనీ ఒక వరసగా వేసిన కార్డులన్నీ కలిపి), పది కార్డుల నంబర్లు కాగితం మీద రాసుకోండి. ఒక్కోదాని ఎదురుగా ఈబేలో ఈమధ్య నిజంగా అమ్ముడుపోయిన ధరలు మూడు వేసుకోండి. అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలు వద్దు, వాటికి అర్థం లేదు. హాల్లోకి అడుగుపెట్టాక నచ్చిందల్లా కొంటే సాయంత్రానికి సంచి నిండుతుంది, సెట్ నిండదు.

మంచి స్థితిలో ఉన్న పేరున్న కార్డు కావాలంటే తొలిరోజే వెళ్లండి. సెట్‌లో ఖాళీలు నింపే మామూలు ఆటగాళ్ల కార్డులకు ఆదివారం మధ్యాహ్నం వెళ్లండి. అప్పటికి వ్యాపారులు పెట్టెలు సర్దుకుంటుంటారు, వెనక్కి మోసుకెళ్లడం వాళ్లకూ ఇష్టం ఉండదు.

తొలి బేరం రెండు డాలర్ల కార్డు

దీన్ని అందరూ వదిలేస్తారు, వదలకూడదు. మీరు వెతికే సెట్‌లోదే, అదే సంవత్సరానిది, ఎవరికీ అక్కరలేని ఆటగాడి అరిగిన కార్డు ఒకటి చౌక పెట్టెలోంచి కొనండి. మూలలు గుండ్రంగా అరిగిపోయి ఉంటే మరీ మంచిది. ఎవరూ దాన్ని కత్తిరించరు, రంగు వేయరు, నకిలీ చేయరు. ఇక రోజంతా అదే మీ తూకంరాయి. అట్ట మందం, వెనకవైపు రంగు, నిగారింపు, అంచు తీరు అన్నీ దానితో పోల్చి చూడాలి. పుస్తకాల్లో ఫొటోలు చూసి నేర్చుకోవడం కంటే ఇది వందరెట్లు నయం, ఎందుకంటే అట్టను వేళ్లతోనే తెలుసుకోవాలి.

అసలు పని: కార్డును పరీక్షించడం

కార్డు బయటికి తీయవచ్చా అని ముందు అడగండి. తీయనివ్వని టేబుల్ దగ్గర గ్రేడ్ చేయని కార్డు, అంటే గ్రేడింగ్ కంపెనీ పరీక్షించి స్థితికి పదికి ఇన్ని అని మార్కు వేయని కార్డు, కొనకండి, అంతే. తీసేటప్పుడు గోటితో లాగొద్దు. కార్డు ఉన్న గట్టి ప్లాస్టిక్ తొడుగును (టాప్‌లోడర్) ఓరగా పట్టుకుని, నల్ల గుడ్డ మీదికి మెల్లగా జారనివ్వండి. అంచులు మాత్రమే పట్టుకోండి.

మొదట కొలత. టాప్స్ 1952 నుంచి 1956 దాకా వేసిన కార్డులు దాదాపు 66.7 × 95.3 మిల్లీమీటర్లు, అంటే 2⅝ × 3¾ అంగుళాలు. 1957 నుంచి 63.5 × 88.9, అంటే 2½ × 3½ అంగుళాలు. 1951 బౌమన్ ఇంకా చిన్నది, 2 1/16 × 3⅛ అంగుళాలు. 1952 సెట్‌ను టాప్స్ కంపెనీయే 1983లో మళ్లీ వేసింది, కానీ 2½ × 3½ కొలతలో. ఆ సెట్‌లోని పేరున్న ఆటగాడు మికీ మ్యాంటిల్ 311 నంబరు కార్డు అంటూ ఎవరైనా చూపిస్తే స్కేలు పెట్టగానే ఆ పునర్ముద్రణ బయటపడుతుంది.

అయితే కొలత సరిపోయిందని అక్కడితో ఆగిపోవద్దు. ఫ్యాక్టరీలో షీట్లను కట్టలుగా పేర్చి కోసేవారు. దాంతో కొన్ని కార్డులు అర మిల్లీమీటరు పెద్దవిగా, కొన్ని చిన్నవిగా వచ్చేవి. పెద్దగా వచ్చిన కార్డును ఒక పక్క చెక్కేస్తే అరిగిన రెండు మూలలు పోయి కొత్త మూలలు వస్తాయి, కొలత మాత్రం సరిగ్గానే ఉంటుంది. పైగా బొమ్మ మధ్యకు జరిగినట్టు అందంగా కనిపిస్తుంది. కత్తిరించేవాళ్లు ఏరుకునేది ఇలాంటి కార్డులనే. స్కేలు చిన్న కార్డును పట్టిస్తుంది కానీ తెలివిగా కోసిన కార్డును పట్టించదు.

అందుకే అంచులు. కార్డును కంటి ఎత్తుకు తెచ్చి, పక్కనుంచి, మందం కనిపించేలా చూడండి. టార్చి వెలుగు వెనకనుంచి పడాలి. నాలుగు అంచులనూ ఒకదాని తర్వాత ఒకటి తిప్పండి. ఫ్యాక్టరీ బ్లేడు ఒకవైపు నుంచి దిగింది కాబట్టి అంచు ఒక ముఖం వైపు కాస్త ఒంగి, రెండో వైపు చిన్న నూగుతో ఉంటుంది. ఇన్నేళ్ల గాలికి అట్ట మందం మసకబారి, లేత గోధుమరంగుకు తిరుగుతుంది. నాలుగు అంచులూ ఒకే వయసువిగా కనిపించాలి. మూడు మసగ్గా ఉండి ఒకటి తెల్లగా, నున్నగా, కొత్తగా కోసిన బొండాం ముఖంలా ఉంటే ఆ కార్డు అక్కడే పెట్టేయండి.

తర్వాత మీ రెండు డాలర్ల కార్డును దీని మీద పెట్టి, ఒక అంచు సరిగ్గా కలిపి వెలుగుకు పట్టుకోండి. చేత్తో కోసిన అంచు నిట్టనిలువుగా ఉండదు. మధ్యలో వెంట్రుకవాసి లోపలికి ఒంగుతుంది, లేదా కొసకు వచ్చేసరికి బయటికి తిరుగుతుంది. ఆ సందులోంచి వెలుగు సన్నటి గీతలా కనిపిస్తుంది. నాలుగు అంచులకూ ఇలాగే చేయండి. ఒక కార్డుకు రెండు నిమిషాలు పడుతుంది. టేబుల్ వెనకాయన విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఈ అభిరుచిలో అన్నిటికంటే పేరున్న కార్డే కత్తిరించినది. 1909–11 మధ్య సిగరెట్ పెట్టెల్లో వచ్చిన టి206 సెట్‌లోని ఒక కార్డును, ఆటగాడు హోనస్ వాగ్నర్‌ది, తాను అంచులు కోశానని వేలాల వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో కోర్టు కేసులో ఒప్పుకున్నాడు. పీఎస్ఏ అనే గ్రేడింగ్ కంపెనీ తన మొట్టమొదటి గ్రేడ్‌గా 8 ఇచ్చింది ఆ కార్డుకే. రోజూ కార్డులు చూసేవాళ్ల కళ్లే మోసపోయాయంటే, హాల్లో హడావిడిగా చూసే మీ కన్ను ఎంత?

అంచుల తర్వాత రంగు చూడండి. 1971 టాప్స్ కార్డులకు చుట్టూ నల్లటి అంచు ఉంటుంది, ఏ కాస్త రాచుకున్నా పెచ్చు లేచి తెల్లగా అవుతుంది. దాన్ని మార్కర్ పెన్నుతో కప్పేస్తారు. ముందువైపు చూస్తే తెలియదు. భూతద్దంతో అట్ట మందాన్ని చూడండి. నల్ల రంగు అచ్చయింది ముందువైపునే కాబట్టి మందం అట్టరంగులోనే ఉండాలి. పెన్ను సిరా మాత్రం నారల్లోకి ఇంకి, మందంలో నల్లటి చుక్కలుగా దిగుతుంది. 1953 టాప్స్‌లో పేరు రాసిన నలుపు లేదా ఎరుపు పట్టీ కింది మూల దాకా వస్తుంది. అక్కడా ఇదే కథ.

నకిలీని పట్టేది అచ్చు. భూతద్దం కింద అసలు కార్డులో ఆటగాడి ఫొటో రంగు చుక్కల గుంపులా ఉంటుంది. కానీ నల్లటి అక్షరాలు, గీతలు ఒకే సిరాతో నిండుగా, చుక్కలు లేకుండా ఉంటాయి. అసలు కార్డును ఫొటో తీసి మళ్లీ అచ్చు వేస్తే అక్షరాలు కూడా చుక్కలైపోతాయి. 1963 టాప్స్ పీట్ రోజ్ రూకీ (ఆటగాడి తొలి కార్డు), 1968 టాప్స్ నోలన్ ర్యాన్ రూకీ, బాస్కెట్‌బాల్‌లో 1986 ఫ్లీర్ మైకేల్ జోర్డన్, ఈ మూడింటికీ నకిలీలు ఎప్పటినుంచో తిరుగుతున్నాయి. పేర్లు చదివి మురిసిపోకముందే అక్షరాల మీద భూతద్దం పెట్టండి.

బ్లాక్‌లైట్‌ది చిన్న పని. కాగితానికి మెరుపునిచ్చే రసాయనాలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే వాడుకలోకి వచ్చాయి. అందుకే 1930ల కార్డంటూ చూపించింది ఆ వెలుగులో నీలంగా మెరిస్తే కొనొద్దు. తర్వాతి కాలం కార్డులకు మెరుపు ఒక్కటే రుజువు కాదు, మీ రెండు డాలర్ల కార్డు పక్కన పెట్టి రెండూ ఒకేలా ఉన్నాయా అన్నది చూసుకోండి.

చివరగా మడతలు. కార్డును దాదాపు పడుకోబెట్టి, టార్చి పక్కనుంచి వేస్తూ మెల్లగా తిప్పండి. నిటారు వెలుగులో కనిపించని ముడత ఇక్కడ సన్నటి నీడలా తేలుతుంది. వెనకవైపూ చూడండి. ఆల్బంలో జిగురుతో అతికించి పీకిన కార్డుకు ముందువైపు అద్దంలా ఉన్నా, వెనక కాగితం పొర లేచిపోయి ఉంటుంది, గ్రేడ్ పాతాళానికి పడిపోతుంది. చూయింగ్ గమ్ మరక, మైనం మరక మోసం కాదు, అప్పటి ప్యాకెట్లలోంచి వచ్చినవే. వాటికి ధర తగ్గించి అడగండి.

స్లాబ్‌లో ఉన్నవి

వంద డాలర్లు దాటిన కార్డును గ్రేడ్ అయి ప్లాస్టిక్ స్లాబ్‌లో (సీలు చేసిన గట్టి పెట్టెలో) ఉంటేనే కొనాలి. సర్టిఫికెట్ నంబరును గ్రేడింగ్ కంపెనీ యాప్‌లో కొట్టి, సంవత్సరం, పేరు, గ్రేడ్ సరిపోతున్నాయేమో చూడండి. ఫొటో ఉంటే కార్డు మీది అచ్చు మచ్చలు, తెల్ల అంచుల వెడల్పు పోల్చండి, ఎందుకంటే నకిలీ స్లాబ్‌ల మీద నిజమైన నంబర్లే వేస్తారు. స్లాబ్ అతుకు వెంట మసక, జిగురు, పగులు ఉంటే వదిలేయండి. పాత కార్డులకు నల్లటి లోపలి చట్రం ఉండే ఎస్‌జీసీ అనే గ్రేడింగ్ కంపెనీ స్లాబే సరైనది. మాసిన తెల్ల అంచు ఎంత మాసిందో నలుపు మీదే నిజంగా కనిపిస్తుంది.

ఇద్దరు అమ్మేవాళ్ల దగ్గర ఒకే గ్రేడ్ 4 కార్డు ఉంటే రెండూ ఒకటే అనుకోవద్దు. బొమ్మ మధ్యలో ఉండి మూలలు అరిగిన 4కూ, బొమ్మ పక్కకు ఒరిగి మూలలు బాగున్న 4కూ చాలా తేడా ఉంది. మొదటిదే తీసుకోండి. రేపు అమ్మాలన్నా అదే ముందు పోతుంది.

బేరం

పరీక్ష అంతా అయ్యాకే ధర మాట్లాడండి. చీటీ మీద 120 ఉంటే, నగదు చూపించి, "వంద ఇస్తాను" అని ఒక్కసారి చెప్పండి. ఫోను వాళ్ల మొహం ముందు పెట్టి ఈబే ధరలు చదవడం మర్యాద కాదు, పైగా అలా ధర తగ్గదు. ఒకే టేబుల్ దగ్గర నాలుగైదు కార్డులు ఏరి మొత్తానికి ఒక అంకె అడిగితే తప్పకుండా దిగుతారు.

గ్రేడ్ చేయని కార్డయితే రసీదు రాయించుకోండి. సంవత్సరం, కంపెనీ, కార్డు నంబరు, టేబుల్ నంబరు, అమ్మినవారి పేరు ఉండాలి. "కత్తిరించినదని గ్రేడింగ్ కంపెనీ తిప్పి పంపితే డబ్బు వాపసు" అన్న ముక్క కూడా ఉండాలి. నిజాయితీ ఉన్నవాళ్లు అడగ్గానే రాస్తారు. రాయనన్నవాళ్ల దగ్గర కార్డు టేబుల్ మీదే వదిలి లేచి రండి.

కొన్న కార్డును ముందు స్లీవులో, తర్వాత కార్డ్ సేవర్‌లో పెట్టండి. 1952–56 పెద్ద కార్డులను మామూలు టాప్‌లోడర్‌లో దూర్చితే మూలలు అక్కడే నలుగుతాయి. రబ్బరు బ్యాండు వేయొద్దు, జేబులో పెట్టొద్దు. టేబుల్ దగ్గరనుంచి కదలకముందే ముందూ వెనకా ఫొటో తీసుకుని, రసీదును కూడా పక్కన పెట్టి ఇంకో ఫొటో తీసుకోండి.