మోటార్‌హోమ్ కొనేముందు చూసుకోవాల్సినవి

ఎండాకాలం దగ్గరికొస్తోంది. పెద్ద మోటార్‌హోమ్ (ఇల్లులా వాడుకునే బండి) కొని అందులోనే ఉండాలనుకునే మన నల్గొండ, పాలమూరు వాళ్లు అడ్వాన్స్ ఇచ్చేముందు ఇవి చూడండి.

- ముందు ఆర్‌సీ. పాత బస్సులో మంచాలు బిగించి అమ్ముతుంటారు. ఆర్‌సీలో ఇంకా బస్సు అనే ఉంటే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ దగ్గర ఇరుక్కుంటారు. పెట్టిన లక్షలన్నీ పోతాయి.

- మొత్తం బరువు 7,500 కిలోలు దాటితే కారు లైసెన్సు చాలదు. ట్యాంకులో 300 లీటర్ల నీళ్లంటేనే 300 కిలోలు.

- బండిని మధ్యాహ్నం రెండింటికి, ఎండలో నిలిపి చూడండి. లోపల పైకప్పుకు అరచెయ్యి ఆనించండి. చెయ్యి కాలిందంటే ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర) సరిగా లేనట్టే, ఏసీ ఎంత తిరిగినా చల్లబడదు.

- 12 వోల్టుల 200 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలో ఉండేది 2.4 యూనిట్ల కరెంటే. టన్నున్నర ఏసీకి రాత్రంతా ఎక్కడ సరిపోతుంది?

- తాగునీటికి ఆర్ఓ ఉండాలి. మర్రిగూడ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ కాచినా పోదు. నడుములు వంగిపోయిన మనుషులను చూసిన జిల్లా మనది.

- వంట గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే కిందికే దిగుతుంది. సిలిండర్ అరకు నేల మట్టంలో బయటికి రంధ్రం ఉందా?

- శ్రీశైలం ఘాట్ మలుపుల్లో ఒకసారి నడిపి చూడండి. ఆ దారిలో మన్ననూరు అటవీ చెక్‌పోస్టు రాత్రి 9కి మూస్తారు, పగలే బయల్దేరండి.