అమెరికన్ ఫుట్‌బాల్ అఫీషియల్స్ పనితీరును అంచనా వేయడం ఎలా?

ఫ్లాగ్ (తప్పు జరిగిందని అఫీషియల్ విసిరే పసుపు గుడ్డ) పడగానే స్టాండ్స్‌లో అందరూ అడిగేది ఒకటే: కాల్ కరెక్టా, కాదా? మైదానంలో రూల్స్ అమలు చేసే ఈ అఫీషియల్స్‌కి మార్కులు వేసే పరిశీలకుడు మాత్రం అంతకంటే ముందు ఇంకోటి చూస్తాడు. ఆ క్షణంలో ఆ మనిషి ఎక్కడ నిలబడ్డాడు, కళ్లు ఎటున్నాయి? ఇవి సరిగ్గా లేకుండా ఇచ్చిన కరెక్ట్ కాల్ అదృష్టం కిందే లెక్క. నిలబడే చోటు, కదలిక, చూపు, చేతి సంకేతాలు, వీటన్నిటినీ కలిపి ఈ రంగంలో మెకానిక్స్ అంటారు. మీరు అంచనా వేయాల్సింది ముందు వాటినే.

ఎవరిని, ఎక్కణ్ణుంచి చూడాలి?

హైస్కూల్ మ్యాచ్‌లకు సాధారణంగా ఐదుగురు అఫీషియల్స్ ఉంటారు, కాలేజీలో ఎనిమిది మంది, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఏడుగురు. కొత్తవాళ్లు ఐదుగురి క్రూతో మొదలుపెట్టడం మేలు. తెల్ల టోపీ ఉన్నది రిఫరీ, బంతి ఆడే జట్టు (ఆఫెన్స్) వెనకాల ఉంటాడు. డిఫెన్స్ (అడ్డుకునే జట్టు) లైన్ వెనక అంపైర్, రెండు సైడ్‌లైన్ల మీద చెరొకరు, అందరికంటే దూరంగా బ్యాక్ జడ్జ్.

స్టాండ్స్‌లో పై వరసలో, మైదానం మధ్యకు దగ్గరగా కూర్చోండి. టీవీ ప్రసారం ఈ పనికి పెద్దగా పనికిరాదు, కెమెరా బంతి వెంటే పోతుంది. ఒక సిరీస్ (ఒక జట్టు వరుసగా ఆడే ప్రయత్నాలు) మొత్తం ఒక్క అఫీషియల్‌నే చూడండి. బంతిని చూడకుండా ఉండటం మొదట్లో చాలా కష్టం, చెయ్యి కట్టేసినట్టు ఉంటుంది. డాలస్ శివార్లలోని ఫ్రిస్కో, ప్లేనోల్లో శుక్రవారం రాత్రి మ్యాచ్‌లకు వెళ్లే తెలుగు తల్లిదండ్రులు కూడా దీన్ని ప్రయత్నించవచ్చు. రూల్స్ అన్నీ రాకపోయినా పర్లేదు.

స్నాప్‌కి (ఆట మొదలుపెడుతూ బంతిని వెనక్కి అందించడం) ముందు

రిఫరీ, అంపైర్ ఆఫెన్స్ ఆటగాళ్లను లెక్కపెడుతున్నారా? పదకొండు మంది ఉన్నారని పిడికిలి చాపి ఒకరికొకరు చెప్పుకుంటున్నారా? బ్యాక్ జడ్జ్ డిఫెన్స్‌ను లెక్కపెట్టాలి. సైడ్‌లైన్ మీది వ్యక్తి తన వైపు రిసీవర్ (పాస్ అందుకునే ఆటగాడు) బంతి పెట్టిన చోటి అడ్డ లైన్ మీద లేకపోతే చెయ్యి వెనక్కి చాపి చూపిస్తాడు. ఇవన్నీ మొదటి క్వార్టర్‌లో అందరూ చేస్తారు. మూడో క్వార్టర్‌లో ఎవరు మానేశారో రాసుకోండి.

ఆట నడుస్తున్నప్పుడు

అసలు పని ఇక్కడే. రన్నర్‌ని (బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి) సైడ్‌లైన్‌కి కొంచెం ఇవతల పడగొట్టారనుకుందాం. మంచి అఫీషియల్ సైడ్‌లైన్ వెంబడే పరిగెత్తి, బంతి ఆగిన గజం దగ్గర నిటారుగా లోపలికి తిరుగుతాడు. ఏటవాలుగా పరిగెత్తుకొచ్చినవాడు స్పాట్‌ను (బంతి ఆగిన చోటును) ఉజ్జాయింపుగా పెడుతున్నట్టే. పది గజాల కోసం గొలుసుతో కొలిచే ఆటలో అరగజం తేడా చిన్నదేం కాదు.

గోల్ లైన్ దగ్గరైతే ఆయన గీత మీదే ఉండాలి. క్రికెట్‌లో రనౌట్‌కి అంపైర్ పక్కకు పరిగెత్తి క్రీజుకి సమంగా నిలబడతాడు కదా, ఇదీ అలాంటిదే. టచ్‌డౌన్ (బంతి గోల్ లైన్ దాటి పాయింట్లు రావడం) సంకేతం కళ్లారా చూసినవాడే ఇవ్వాలి, పక్కవాడు చేతులెత్తాడని తనూ ఎత్తకూడదు.

2012 సెప్టెంబర్ 24న సియాటిల్‌లో జరిగిన మ్యాచ్ దీనికి పాఠం లాంటిది. సీహాక్స్, ప్యాకర్స్ ఆట చివరి బంతిని ఎండ్ జోన్‌లో (గోల్ లైన్ అవతలి భాగంలో) రెండు జట్లవాళ్లూ పట్టుకున్నారు. ఒక అఫీషియల్ టచ్‌డౌన్ అని చేతులు పైకెత్తాడు, పక్కనే ఉన్నాయన గడియారం ఆపమని తలపైన చేతులు ఊపాడు. ఇద్దరూ ఒక్క క్షణం ఆగి మాట్లాడుకుని ఉంటే కాల్ మారేదో లేదో గానీ, ఆ గందరగోళం ఉండేది కాదు. వాళ్లు లాకౌట్ (లీగ్ తన అఫీషియల్స్‌ను పనికి దూరంగా ఉంచడం) వల్ల తాత్కాలికంగా వచ్చినవాళ్లు. కొద్ది రోజుల్లోనే లీగ్ అసలు అఫీషియల్స్‌తో ఒప్పందం కుదుర్చుకుంది.

విజిల్ తర్వాత

విజిల్ ఊదగానే చాలామంది పని అయిపోయిందనుకుంటారు. తోపులాటలు మొదలయ్యేది అప్పుడే. ముఖ్యంగా రన్నర్ అవతలి జట్టు బెంచ్ వైపు వెళ్లి పడినప్పుడు, అక్కడున్న అఫీషియల్ స్పాట్‌లో బీన్‌బ్యాగ్ (చోటు గుర్తుకు వేసే చిన్న సంచి) వేసి, ఆటగాళ్లంతా తిరిగి లోపలికి వచ్చేదాకా వాళ్లకేసే చూస్తుండాలి. వీపు తిప్పి బంతి వెతుక్కుంటూ వెళితే మార్కు తగ్గించండి. ఏమీ జరగకపోయినా సరే.

ఫ్లాగ్‌లకు మార్కులు

ప్రతి ఫ్లాగ్‌నీ వీడియో చూశాకే తేల్చండి. సరైన కాల్, తప్పు కాల్, అటూ ఇటూ చెప్పలేని కాల్ అని విడదీయండి. ఇవ్వాల్సి ఉండీ ఇవ్వనివి, ఇవ్వకుండా వదిలేసి మంచి పని చేసినవి కూడా రాయండి. బంతికి ఆమడ దూరంలో, ఆటను ఏ మాత్రం మార్చని చిన్న హోల్డింగ్‌ను (ప్రత్యర్థిని పట్టుకుని ఆపడం) వదిలేయడం ఈ చివరి కోవలోకి వస్తుంది.

కొన్నిసార్లు అసలు ఫ్లాగ్ పడకపోవడమే పెద్ద వార్త అవుతుంది. 2019 జనవరిలో న్యూ ఆర్లీన్స్‌లో రామ్స్ డిఫెండర్ బంతి రాకముందే సెయింట్స్ రిసీవర్‌ని గుద్దేశాడు, ఎవరూ ఫ్లాగ్ వేయలేదు. రామ్స్ ఓవర్‌టైమ్‌లో 26-23తో గెలిచి సూపర్ బౌల్‌కి (లీగ్ ఫైనల్‌కి) వెళ్లింది. ఆ గొడవతో పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌ను (పాస్ అందుకోకుండా ఇలా అడ్డుకోవడం) వీడియో రివ్యూలోకి తెచ్చారు, అది ఒక్క సీజన్‌తోనే ఆగిపోయింది. ఇలాంటి చోట 'మిస్ అయ్యాడు' అని రాసి ఊరుకోకండి. దగ్గరున్న ఇద్దరూ అప్పుడు ఎవరిని చూస్తున్నారో వీడియోలో ఆపి చూడండి.

చెప్పే పద్ధతి

మ్యాచ్ అయిన వెంటనే డ్రెస్సింగ్ రూమ్‌లో క్లాసు పీకొద్దు. ఆ టెన్షన్‌లో ఏదీ చెవికెక్కదు. మర్నాడు, మనిషికి రెండు మూడు విషయాలు మించకుండా, క్లిప్‌తో సహా పంపండి. 'పొజిషన్ మెరుగుపరుచుకోవాలి' అంటే ఎవరికీ అర్థం కాదు. 'రెండో క్వార్టర్, మూడో డౌన్ (ప్రయత్నం): మీరు ఏటవాలుగా వచ్చారు, స్పాట్ ముందుకు పడింది' అని రాయండి. బాగా చేసిన ఒక ప్లే క్లిప్ కూడా జతచేస్తే మిగతావి ఓపిగ్గా చూస్తారు.