బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోందా? డిస్కు మార్చేముందు ఇవి చూడండి

లక్షణం: 100, 120లో పోతూ బ్రేకు నొక్కితే స్టీరింగ్ అదురుతుంది, పెడల్ పాదాన్ని పైకి తోస్తుంటుంది. బండి పోర్షే 911 అయినా, బీఎండబ్ల్యూ ఎం4 అయినా షెడ్డులో వినిపించే మాట ఒక్కటే: "డిస్కు వంగింది సార్." వంగడం చాలా అరుదు. అందుకే కొత్త డిస్కులు వేసినా కొన్నాళ్లకు అదే వణుకు మళ్లీ మొదలవుతుంది.

ముందు ఒక్కటి తేల్చుకోండి. వణుకు బ్రేకు వేసినప్పుడేనా, వేయకపోయినా ఉందా? వేయకపోయినా ఉంటే బ్రేకుల జోలికి పోకండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలవండి. దూరం నుంచి వచ్చే కొత్త బండ్లకు రవాణా కోసం గాలి ఎక్కువ కొడతారు, డెలివరీకి ముందు తగ్గించడం మరిచిపోతుంటారు. ఎంత ఉండాలో డోరు దగ్గరి స్టిక్కరు మీదే రాసి ఉంటుంది, చూసేవాళ్లేరీ? వారాల తరబడి సెల్లారులో కదలకుండా ఉన్న బండికి టైరు నేలకు ఆనినచోట చదునవుతుంది. ఓ ఇరవై నిమిషాలు నడిపాక తగ్గితే అదే కారణం. తగ్గకపోతే వీల్ బ్యాలెన్సింగ్.

బ్రేకు వేసినప్పుడే వస్తుంటే చక్రం బోల్టులు చూడండి. ఇంపాక్ట్ గన్‌తో ఎడాపెడా బిగించి ఉంటే వదులు చేసి, టార్క్ రెంచితో ఎదురెదురుగా బిగించండి: ఎం4కి 140, ఇటీవలి ఐదు బోల్టుల 911కి 160 న్యూటన్ మీటర్లు.

ఇక అసలు దొంగ. ఎం4 మొదటి 2,000 కిలోమీటర్లలో 5,500 ఆర్‌పీఎం దాటకూడదన్నది కొన్నవాళ్లందరికీ కంఠతా వచ్చు. అదే మాన్యువల్లో కొత్త బ్రేకులు కుదురుకోవడం గురించి ఉన్న పేరా మాత్రం ఎవరికీ కనబడదు. డిస్కును రెండు పక్కలా నొక్కే ప్యాడ్ పదార్థం వేడికి పలచని పూతగా దానికి అంటుకుంటుంది. బండిని ఆపేది చాలావరకు ఆ పూతే. అది సమంగా పడకముందే గట్టిగా తొక్కి, కాగిన బ్రేకులతో టోల్ గేటు దగ్గర పెడల్ నొక్కిపట్టి నిలబడ్డారనుకోండి, ప్యాడ్ ముద్ర డిస్కు మీద దిగిపోతుంది. ఆటో హోల్డ్ ఆన్‌లో ఉంటే మీరు కాలు తీసినా ప్యాడ్ డిస్కును వదలదు. చక్రం విప్పితే ప్యాడ్ ఆకారంలోనే నల్లటి మచ్చ కనిపిస్తుంది. మైక్రోమీటరుతో డిస్కు మందం చుట్టూ ఎనిమిది చోట్ల కొలవండి, 0.02 మిల్లీమీటర్ల తేడా చాలు, చేతికి తెలుస్తుంది. మందం ఉన్నచోట రాపిడి ఎక్కువ, వేడి ఎక్కువ, దాంతో పూత ఇంకా పేరుకుంటుంది. వేడి 650-700 డిగ్రీలకు చేరితే అక్కడి పోత ఇనుములో సిమెంటైట్ అనే గట్టి పదార్థం ఏర్పడుతుంది.

మచ్చ కొత్తదైతే: మాస్కు పెట్టుకుని ప్యాడ్ల ముఖం 120 గ్రిట్ గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దండి, డిస్కును బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. వెనక ఎవరూ లేని ఖాళీ రోడ్డు మీద 100 నుంచి 20కి ఎనిమిది, పది సార్లు వేగం తగ్గించండి. గట్టిగానే నొక్కాలి, కానీ ఏబీఎస్ పని మొదలుపెట్టేంతగా కాదు, పూర్తిగా మాత్రం ఆగకూడదు. వాసన వస్తుంది, కంగారు పడకండి. తర్వాత పది పదిహేను నిమిషాలు బ్రేకు దాదాపు ముట్టకుండా నడిపి చల్లార్చండి.

రెండుసార్లు చేసినా పోకపోతే డిస్కులు, ప్యాడ్లు కలిపి మార్చాల్సిందే. లేత్ పట్టించి డబ్బు తగలేయకండి. సిమెంటైట్ లోపలికీ ఉంటుంది, మళ్లీ తేలుతుంది. కొత్తవి వేసేముందు హబ్ (డిస్కు, చక్రం బిగించే భాగం) ముఖం మీది తుప్పు వైరు బ్రష్‌తో గీకండి, డిస్కు బిగించాక డయల్ గేజి పెట్టి చూడండి. తిరిగేటప్పుడు డిస్కు పక్కకు ఊగడం 0.05 మిల్లీమీటర్లు దాటితే డిస్కును ఒక రంధ్రం జరిపి బిగించి మళ్లీ కొలవండి.

ఇదంతా ఇనుప డిస్కులకే. సిరామిక్ వాటికి రుద్దడాలు వద్దు, కంపెనీ వర్క్‌షాపుకే ఇవ్వండి. రిమ్ము వంకర, బేరింగు, బుష్‌లు వీటన్నిటి తర్వాతే.

రెండు సెకండ్ హ్యాండ్ కార్ల మధ్య తేల్చుకోలేకపోతుంటే, రెండింటినీ 100 నుంచి ఒక్కసారి గట్టిగా ఆపి చూడండి. వణికినదాని ధరలోంచి డిస్కుల ఖర్చు తీసేసి బేరం మొదలుపెట్టండి.